మీ అత్తగారి రిపోర్టులోని గ్రేడును చదివే తీరు

చి. సౌ. శ్యామలకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీవు పంపిన బయాప్సీ రిపోర్టును రెండుసార్లు చదివాను. "మెటాప్లాస్టిక్ కార్సినోమా, గ్రేడు 3, ట్రిపుల్ నెగటివ్" అన్న పంక్తి చూసి జబ్బు మూడో స్టేజికి చేరిపోయిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతున్నారని రాశావు. మెటాప్లాస్టిక్ కార్సినోమా అంటే రొమ్ము క్యాన్సర్లలో ఒక అరుదైన రకం; ట్రిపుల్ నెగటివ్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 అనే మూడు గుర్తులూ ఆ కణాల్లో కనిపించలేదని. ముందుగా ఆ స్టేజి పొరపాటును సరిదిద్దు. గడ్డ ఎంత ఉంది, చంకలోని లింఫు గ్రంథులకు గానీ దూరపు అవయవాలకు గానీ పాకిందా అన్నది స్టేజి. ఆ కణాలు మైక్రోస్కోపు కింద మామూలు రొమ్ము కణాల పోలికకు ఎంత దూరం జరిగాయన్నది గ్రేడు. సూదితో తీసిన చిన్న ముక్కను చూసి ఏ పాథాలజిస్టూ (కణాలను మైక్రోస్కోపు కింద పరీక్షించే నాలాంటి డాక్టరు) స్టేజి చెప్పలేరు.

ఇక ఆ 3 ఎలా వచ్చిందో చెబుతాను. 1991లో నాటింగ్‌హామ్‌కు చెందిన ఎల్‌స్టన్, ఎల్లిస్ స్థిరపరచిన పద్ధతినే పాథాలజిస్టులం అందరం వాడుతున్నాం. కణాలు గొట్టాల్లాగా అమరుతున్నాయా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయి అని చూసి ఒక్కొక్కదానికి 1 నుంచి 3 వరకు మార్కులు వేస్తాం. మొత్తం 3 నుంచి 5 వరకు అయితే గ్రేడు 1, 6 గానీ 7 గానీ అయితే 2, ఆపైన 3. అయితే మెటాప్లాస్టిక్ కణాలు తమ జాతి లక్షణాన్నే వదిలేస్తాయి: కొన్ని కదురులాగా సన్నగా సాగి గుంపులుగా పారుతున్నట్లు కనిపిస్తాయి, కొన్ని చర్మపు పొలుసుల్లా మారతాయి, ఒక్కొక్కసారి గడ్డలో ఎముక, మృదులాస్థి కూడా కనిపిస్తాయి. గొట్టాలు కట్టడం మానేసిన కణాలకు ఆ ఒక్క లెక్కలోనే 3 పడుతుంది. కేంద్రకాలకు 3, విభజనకు 2 వచ్చినా మొత్తం 8 అయిపోతుంది.

అందుకే ఈ జబ్బులో ఎక్కువ మంది రిపోర్టుల మీద గ్రేడు 3 అనే ఉంటుంది. మామూలు రొమ్ము క్యాన్సర్‌లో రోగుల భవిష్యత్తును చక్కగా వేరుచేసి చూపే ఆ అంకె, అందరికీ ఒకటే అయినప్పుడు ఏం వేరుచేస్తుంది? రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒక్కటి కూడా లేని ఈ రకంలో గడ్డ పరిమాణం, పాకిన దూరం గ్రేడు కంటే ఎక్కువ చెబుతాయి.

అంకె కంటే ముందు దాని పక్కన ఉండాల్సిన ఉపరకం పేరు చూడాలి. లో గ్రేడ్ అడినోస్క్వామస్ అనో, ఫైబ్రోమటోసిస్ లాంటిదనో ఉంటే, ట్రిపుల్ నెగటివ్ అయినా సరే, అది నిదానంగా నడిచే జబ్బు. దూరానికి పాకడం అరుదు, కోత అంచుల్లో మిగిలిపోతే అక్కడే మళ్ళీ రావడమే దానితో ఉన్న పెద్ద చిక్కు. హై గ్రేడ్ స్పిండిల్ సెల్ (కదురు కణాల), స్క్వామస్ (పొలుసు కణాల) రకాలు అలా కాదు. అవి చంకలోని గ్రంథులకు పాకనప్పుడు కూడా రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరగలవు, కీమోకు మిగతా ట్రిపుల్ నెగటివ్ గడ్డలంత బాగా లొంగకపోవచ్చు. మీ అత్తగారి రిపోర్టులో ఉపరకం పేరే లేదు. నన్ను కలవరపెట్టినది ఆ లోపమే, గ్రేడు కాదు.

ఆపరేషన్ నాడు ఒక జాగ్రత్త తీసుకోండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక శనివారం తీసిన గడ్డను ఎవరో సెలైన్‌లో వేసి ఉంచితే, సోమవారం నా బల్ల మీదికి వచ్చేసరికి కణాలు పాడైపోయి, విభజనలు లెక్కకు అందలేదు. ఆ రోగి గ్రేడును నేను ధైర్యంగా రాయలేకపోయాను. గడ్డను గంటలోపు ఫార్మలిన్‌లో (కణాలు పాడవకుండా నిలిపే ద్రవంలో) వేయిస్తారా అని సర్జన్‌ గారిని మర్యాదగానే అడుగు. గడ్డలో ఒక్కోచోట ఒక్కో రూపం ఉండవచ్చు కాబట్టి, మొత్తం గడ్డను పరీక్షించాక వచ్చే రిపోర్టులో గ్రేడు మారినా ఆశ్చర్యపోవద్దు.

ఈలోగా బయాప్సీ ముక్క ఉన్న గాజు స్లైడులు, ఆ ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకుని, ముంబయి టాటా మెమోరియల్ వంటి చోట రొమ్ము జబ్బులే చూసే పాథాలజిస్టు చేత మళ్ళీ చదివించు. ఉపరకం రాయమని, ఛాతీకి సీటీ స్కాన్ అవసరమేమో చెప్పమని అడుగు. బ్లాకుల మీది నంబరు రిపోర్టులోని నంబరుతో సరిపోయిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకో. ఎండలో ఆపిన కారులో మాత్రం వాటిని వదిలిపెట్టకు, మైనం మెత్తబడుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ