జపాన్ తరహా మోడల్ రైల్వే కట్టాలంటే రైలు కంటే ముందు కరెంటు స్తంభాలు చూడండి

ప్రశ్న ఇదీ: "జపాన్ వాళ్ల మోడల్ రైల్వే లేఅవుట్లు అచ్చం నిజం ఊళ్లలా ఉంటాయి. అలాంటిది ఇంట్లో కట్టుకోవాలంటే ఎంత చోటు కావాలి, ఎంత ఖర్చవుతుంది, ఏది ముందు కొనాలి?"

చోటు సంగతి ముందే చెప్పేస్తాను. 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చెక్క ఒకటి చాలు. నాదీ అంతే. మేం ఉండేది టోక్యోలో నిషి-కసాయ్ అనే పేటలో. మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే చోటు, కందిపప్పుకీ ఇడ్లీ రవ్వకీ కొదవ లేదు. ఇల్లు మాత్రం ఆరు చాపల గది (ఇక్కడ గదిని నేల మీద పరిచే చాపల లెక్కన కొలుస్తారు), దాన్ని ఆనుకుని వంటిల్లు, అంతే. పగలు ఆ గదిలో రైలు తిరుగుతుంది. రాత్రి చెక్కని గోడకి నిలబెట్టి అక్కడే పరుపులు వేసుకుంటాం. అందుకే హైదరాబాద్‌లో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ ఉన్నవాళ్లు "చోటు లేదండీ" అంటే నాకు నవ్వొస్తుంది. చోటు ఉంటుంది. డైనింగ్ టేబుల్ మీద ఇస్త్రీ బట్టలు తీస్తే బోలెడు చోటు.

ఏది కొనాలో కంటే ఏది కొనకూడదో చెప్పడం తేలిక. షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, కొనకండి. జపాన్ అనగానే అందరి చెయ్యీ దాని మీదకే పోతుంది. లెక్క చూడండి. అసలు పెట్టె 25 మీటర్లు. మోడల్‌లో దాన్ని 160వ వంతుకి కుదిస్తే 15 సెంటీమీటర్ల పైచిలుకు. టోక్యో, ఒసాకా మధ్య పరిగెత్తే బండికి 16 పెట్టెలు. అంటే మొత్తం రెండున్నర మీటర్లు. నా చెక్క మీద 249 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులతో చుట్టూ వేసిన పట్టా పొడవు రెండు మీటర్ల చిల్లర. ఇంజను వెళ్లి దాని గార్డు పెట్టెనే గుద్దుతుంది! పైగా ఆ వంపు పెద్ద షింకన్‌సెన్ సెట్లకి చాలదు. అంతగా మోజుంటే ఇక్కడివాళ్లు చేసినట్టు చెయ్యండి. ఓజాషికి ఉన్‌తెన్ అంటారు, చాపల గదిలో నేల మీదే పట్టాలు పరిచి, సాయంత్రం దాకా ఆడించి, మళ్లీ పెట్టెలో సర్దేయడం. అది వేరే సరదా, లేఅవుట్ వేరు.

నేను ఎంచుకున్నది ఒంటి పెట్టె బండి. చీబా జిల్లాలో కొమినాతో రైల్వే అని ఉంది. గోయి నుంచి కజుసా-నకానో దాకా 39.1 కిలోమీటర్లు, సింగిల్ లైను, డీజిల్ బళ్లు. పసిఫిక్ తీరంలోని కొమినాతో దాకా వేద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు, కాబట్టి పేరులో ఉన్న ఊరికి ఆ రైలు ఎప్పుడూ చేరలేదు. ఒక మార్చి నెలాఖరులో మా ఆయనా నేనూ సరదాగా వెళ్లాం. పైన మీగడ రంగు, కింద సిందూరం రంగు పెట్టె, కిహా 200 అంటారు. పట్టాలకి రెండు పక్కలా పసుపుపచ్చగా నానోహనా పూలు. దగ్గరికెళ్లి చూస్తే మన ఆవచేను పూసినట్టే ఉంది, ఆ జాతి మొక్కే. చెక్కతో కట్టిన చిన్న స్టేషన్, స్టేషన్లో మనిషి లేడు. ఆ రోజే అనుకున్నాను, కడితే ఇదే కట్టాలని. 20 మీటర్ల పెట్టె మోడల్‌లో 13 సెంటీమీటర్లే, చిన్న చెక్కకి సరిగ్గా సరిపోతుంది. డీజిల్ లైను కాబట్టి పైన కరెంటు తీగలు కట్టే బాధ కూడా లేదు.

బండి కొనేటప్పుడు ఒక చిన్న మాట. తక్కువ ధరకి వస్తోందని ఒకటి కొని, ఇంటికొచ్చి పట్టా మీద పెడితే కదల్లేదు. లోపల మోటారు లేదు! షోకేసులో పెట్టుకునే రకమట, మోటారు విడిగా కొనుక్కుని కింద అమర్చుకోవాలట. డబ్బా మీద జపనీస్‌లో రాసే ఉంది. నాకు అప్పటికి కంజీ లిపి రాదు, తప్పు నాదే. అయినా బొమ్మ వేసి చూపిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

పట్టాలకి పైన తీగలు లేకపోయినా వీధికి ఉంటాయి, శీర్షికలో నేనన్న స్తంభాలు అవే. జపాన్ తరహా అంటే తోరణంలాంటి ఎర్ర గుడి ద్వారం, చెర్రీ పూలు, వెనకాల ఫుజి కొండ అనుకుని పెట్టేస్తారు చాలామంది. అది క్యాలెండర్ బొమ్మ. ఇక్కడ ఏ కిటికీ తెరిచినా ముందు కనిపించేది కరెంటు స్తంభాలు, వాటి మీద బుంగల్లాంటి ట్రాన్స్‌ఫార్మర్లు, కలగాపులగంగా తీగలు. తర్వాత కాంక్రీటు గోడ, దాని మీద వాన చారలు. ఒక కూల్‌డ్రింకుల మెషీను, తెల్ల రంగు బుల్లి ట్రక్కు. ఈ నాలుగూ పెడితే చాలు, రైలు లేకపోయినా జపానే.

తీగలకి బజారు వస్తువేదీ కొననక్కర్లేదు. ప్లాస్టిక్ కిట్లలో ముక్కలు ఒక చట్రానికి అంటుకుని వస్తాయి కదా, ముక్కలు విరుచుకున్నాక ఆ చట్రం పారేయకండి. అగరుబత్తి వెలిగించి, చట్రం పుల్లని నిప్పుకి తగలకుండా దగ్గరగా పట్టుకుని తిప్పుతూ ఉండాలి. కాసేపటికి నిగనిగలాడి మెత్తబడుతుంది. అప్పుడు పక్కకి తీసి రెండు చేతులతో నెమ్మదిగా లాగితే జీళ్లపాకం సాగినట్టు సాగి, వెంట్రుకంత సన్నని తీగ వస్తుంది. తొందరపడి లాగితే పుటుక్కున తెగుతుంది. స్తంభానికి అంటించేటప్పుడు బిగించకండి, కాస్త వేలాడాలి. నాకు ఒక్క వీధికి మూడు రోజులు పట్టింది, మా ఆయన మూడు రోజులూ "ఇవాళ ఏం పూజ?" అని అడిగారు.

ఆవపూలకి మాత్రం నా తెలివి చూపించాను. పసుపు రంగు స్పాంజి పొడి బజార్లో దొరుకుతుంటే దానికి డబ్బెందుకని, బొంబాయి రవ్వలో పసుపు కలిపి ఆరబెట్టి, జిగురు పూసి చల్లాను. అద్భుతంగా వచ్చింది. నెల తిరిగేసరికి కిటికీ వైపు పూలు తెల్లబోయాయి, పసుపు ఎండకి నిలవదు. రెండో నెలలో పురుగు పట్టింది. సిందూరం రంగు రైలు పక్కన రవ్వ పురుగు పాకుతుంటే అది రాక్షస సినిమాలా ఉంది. మొత్తం గోకి పారేసి స్పాంజి పొడే కొన్నాను.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి, ఈ జవాబు రాయడం మొదలుపెట్టిందే దానికోసం. ఆయన తుని దగ్గర రైల్వేలో కీమేన్‌గా చేసి రిటైరయ్యారు. రోజూ సుత్తీ స్పానరూ పట్టుకుని పట్టా వెంబడి నడుస్తూ, వదులైనవి బిగించుకుంటూ పోవడం ఆయన డ్యూటీ. 2019లో మా దగ్గరికి వచ్చి కొన్ని వారాలు ఉన్నారు. లేఅవుట్ చూసి మురిసిపోతారనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని, వంగి, ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

"ఈ కంకరేంటమ్మా, అచ్చు పోసినట్టుంది?"

"అచ్చు పోసిందే నాన్నా. పట్టా, కంకర కలిపే వస్తాయి."

"మరి తుప్పేదీ? బండి ఆగే చోట బ్రేకు పొడి రాలి కంకర ముదురు రంగు తిరుగుతుంది. నీ స్టేషన్లో బండి ఎప్పుడూ ఆగలేదా?"

తర్వాత స్కేలు అడిగారు. పట్టాల మధ్య కొలిచారు, 9 మిల్లీమీటర్లు. బండి అసలు దాంట్లో ఎన్నో వంతు అన్నారు, 150వ వంతు అన్నాను. నోటితోనే లెక్కేశారు. "1350. మన బ్రాడ్ గేజ్ 1676, మీటర్ గేజ్ వెయ్యి. ఇక్కడెంత?" 1067 అన్నాను. "అయితే ఇది తప్పు పట్టా" అని తేల్చేశారు. నిజమే మరి! ఈ 9 మిల్లీమీటర్ల ఎన్ గేజ్ 1435 మిల్లీమీటర్ల పట్టాలున్న దేశాల లెక్క, 160వ వంతుకి అతికినట్టు సరిపోతుంది. 1965లో, ఇవాళ కాటో అని పిలిచే కంపెనీ సీ50 అనే ఆవిరింజనుతో జపాన్‌లో ఎన్ గేజ్ మొదలుపెట్టింది. ఇక్కడి మామూలు బళ్లు చిన్నవి కాబట్టి వాటిని 150వ వంతుకి కాస్త పెద్దగా చేసి, పట్టా మాత్రం అదే 9 మిల్లీమీటర్లు ఉంచేశారు. షింకన్‌సెన్‌కి అసలు పట్టాయే 1435 కాబట్టి దాన్ని 160లోనే ఉంచారు. నిజంలో వేర్వేరు వెడల్పుల పట్టాల మీద తిరిగే ఆ బళ్లు మోడల్‌లో ఒకే పట్టా మీద పోతాయి. ఇక్కడ లక్షల మంది చూసీ చూడనట్టు వదిలేసిన సంగతిని మా నాన్న పదో తరగతి పిల్లల స్కేలుతో పట్టుకున్నారు.

ఆ మాటలకి పౌరుషం వచ్చి, మర్నాడే నిజం కంకర కొనుక్కొచ్చి ప్లాస్టిక్ కంకర మీద చల్లాను. పద్ధతి తేలికే. పొడి కంకరని మెత్తని బ్రష్షుతో స్లీపర్ల మధ్యకి తోయాలి, స్లీపర్ల మీదకి ఎక్కకూడదు. సబ్బు కలిపిన నీళ్లు సన్నగా చిమ్మి తడపాలి. తెల్ల జిగురు, నీళ్లు సగం సగం కలిపి, గిన్నెలు కడిగే సబ్బు ఒక చుక్క వేసి, డ్రాపర్‌తో చుక్క చుక్కగా వదలాలి. సబ్బు లేకపోతే జిగురు ముత్యంలా పైనే నిలబడి కంకరని లాక్కుపోతుంది.

అంతా బాగానే ఉంది కానీ బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లే పాయింటు దగ్గర కూడా అలాగే వదిలాను. పొద్దున లేచి చూస్తే టంగ్ రైలు, అంటే పాయింటులో అటూ ఇటూ కదిలే పట్టా ముక్క, పక్కనున్న కదలని పట్టాకి అంటుకుపోయి రాయిలా ఉంది. నేను ఏడుపు మొహం పెట్టాను. నాన్న మాత్రం హుషారుగా పనిలోకి దిగారు. గోరువెచ్చని నీళ్లు, పళ్లు కుట్టుకునే పుల్లలు, పాత టూత్‌బ్రష్షు తెప్పించుకుని, బనీనుతో బోర్లా పడుకుని మొదలుపెట్టారు. ఒక చుక్క వేయడం, జిగురు నానేదాకా ఆగడం, పుల్లతో ఒక్క గింజ తీయడం. ఉప్మా అక్కడికే పట్టుకెళ్లి ఇచ్చాను. మధ్యాహ్నానికి టంగ్ రైలు టిక్కుమని అటూ ఇటూ కదిలింది. "లైన్ క్లియర్" అన్నారు లేవకుండానే. బండి తెచ్చి పెట్టాను. పాయింటు దాకా వచ్చి ఆగిపోయింది. జిగురు నీళ్లు లోపలి కాంటాక్టుల్లోకి దిగాయి, పట్టా కదులుతోంది గానీ కరెంటు పోవడం లేదు. చివరికి కొత్త పాయింటు కొన్నాను. పాతది తీసి స్టేషన్ వెనక, బళ్లు నిలిపే సైడింగులో పెట్టి, మోటారు లేని ఆ మొదటి బండిని దాని మీద నిలబెట్టాం. రెండూ కదలవు, గొడవ లేదు. పాయింటు దగ్గర జిగురుని డ్రాపర్‌తో కాదు, సూది మొనతో పెట్టాలి. కదిలే ముక్క దగ్గర అసలు పెట్టకూడదు. ఇది రాసిపెట్టుకోండి.

స్టేషన్ దగ్గర కంకరకి గోధుమరంగు పొడి అద్దింది కూడా నాన్నే. పట్టా మీద పనిచేసే మనుషుల బొమ్మలు దొరుకుతాయి, ఒక్కోటి సెంటీమీటరు ఎత్తు. ఒకతన్ని అంటిస్తుంటే "అటు తిప్పమ్మా, బండికి వీపు చూపించి నడుస్తాడేంటి" అని కోప్పడ్డారు.

ఇండియాలో కట్టేవాళ్లకి ఒక్క జాగ్రత్త. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు. ఇక్కడ కొన్న, బండికి కరెంటిచ్చే కంట్రోలరు మీద ఎంత వోల్టేజీ రాసి ఉందో చూడకుండా మన 230 ప్లగ్గులో పెట్టకండి. కాకినాడలో మా తమ్ముడికి ఒకటి పంపించి ఫోన్లో రెండుసార్లు చెప్పాను, ట్రాన్స్‌ఫార్మర్ కొనేదాకా ముట్టుకోకు అని. "ఒక్కసారి చూద్దామనీ" అన్నాడు తర్వాత. వాసన మూడు రోజులు పోలేదట. అంతకంటే బాధ ఏమిటంటే, "చైనా సరుకక్కా" అని నాకే చెప్పడం.

ఇక ఖర్చు. నాకు మొదటి ఏడాది 60 వేల యెన్ల దాకా అయింది. కొత్త పాయింటు అందులోనే. రవ్వ లెక్కెయ్యలేదు.