కంప్యూటర్ వేడెక్కుతుంటే ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా డెస్క్‌టాప్ కొని నాలుగేళ్లయింది. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు ఫ్యాన్ హోరెత్తుతోంది, పని నత్తనడక నడుస్తోంది. ఒక్కోసారి దానంతటదే ఆగిపోతోంది. దుమ్ము దులిపినా తేడా లేదు. థర్మల్ పేస్ట్ మార్చాలా?

జవాబు: ప్రాసెసర్ వేడిని దాని మీది కూలర్‌కు చేరవేసే ఆ పేస్ట్‌ను మార్చాల్సి రావచ్చు. కానీ ఏదైనా విప్పే ముందు ఉష్ణోగ్రత చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ వేడి కనిపిస్తుంది. పనేమీ లేనప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు, బరువైన పనిలో 80 దాకా ఉంటే కంగారు అక్కర్లేదు. 95-100 దగ్గరికి వచ్చేసరికి చాలా ప్రాసెసర్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మీకు పని మందగించడానికి కారణం అదే కావచ్చు. అప్పటికీ వేడి పెరుగుతూ పోతే చిప్ పాడవకుండా కంప్యూటర్ ఆగిపోతుంది.

వేడి ఎంత త్వరగా ఎక్కుతోందో గమనించండి, లోపం ఎక్కడుందో అక్కడే సగం తేలిపోతుంది. పని మొదలైన క్షణాల్లో 50 నుంచి 95కి ఎగబాకితే కూలర్ ప్రాసెసర్‌కు సరిగా ఆనడం లేదని అనుమానించాలి: పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, లేదా కూలర్ ఒక మూల లేచి ఉంటుంది. మీకులా పది నిమిషాలు పట్టిందంటే మా అనుమానం ముందు గాలి మీదే. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పని మళ్లీ చేయండి. 5-10 డిగ్రీలు తగ్గితే వేడిగాలి లోపలే తిరుగుతోందన్నమాట.

దుమ్ము దులిపామన్నారు. ఫ్యాన్ రెక్కల మీద కనిపించేది తుడిస్తే చాలదు. ఫ్యాన్ కింద, హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మె) రేకుల సందుల్లో దుమ్ము అట్టకట్టి గాలిని పూర్తిగా ఆపేస్తుంది. ప్లగ్ తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. వదిలేస్తే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టం మాత్రం లోపల పెట్టకండి, స్టాటిక్ కరెంటుతో బోర్డుకు ప్రమాదం. క్యాబినెట్ ముందు వైపు దుమ్మును ఆపే జల్లెడ ఉంటే దాన్నీ కడిగి, బాగా ఆరాక పెట్టండి.

ఇంత చేసినా తగ్గకపోతే పేస్ట్ మార్చండి. మీది ఏఎం4 అనే సాకెట్‌లో కూర్చునే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ అయితే జాగ్రత్త: ఎండిన పేస్ట్ వల్ల కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగొచ్చు. అందుకే కొన్ని నిమిషాలు కంప్యూటర్‌ను నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆపి, ప్లగ్ తీయండి. కూలర్‌ను నిటారుగా లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. పాత పేస్ట్‌ను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్రాసెసర్ మీదా, కూలర్ అడుగునా తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజ కన్నా కాస్త చిన్న చుక్క పెట్టండి. కూలర్ బిగిస్తే అదే పరుచుకుంటుంది. స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేదాన్ని చివరిదాకా బిగిస్తే రెండో వైపు లేస్తుంది.

ప్రశ్న: కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్ బయోస్‌లో (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర) ఉండగానే 90 డిగ్రీలు చూపిస్తోంది.

జవాబు: వెంటనే ఆపేయండి. ఇది బిగింపులో పొరపాటు. కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీశారా? ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు నొక్కుడు పిన్నులుంటాయి, వాటిలో ఒక్కటి దిగకపోయినా ఇలాగే అవుతుంది. మదర్‌బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగూ రంధ్రాల్లోంచి పూర్తిగా బయటికి వచ్చాయో లేదో తెలుస్తుంది. లిక్విడ్ కూలర్ అయితే పంపు వైరు తగిలించారా, పంపు తిరుగుతోందా చూడండి.

ప్రశ్న: అదనంగా మూడు ఫ్యాన్లు పెట్టినా ఉపయోగం లేదు. ఎందుకు?

జవాబు: దిశ చూడండి. మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఏ వైపు ఉంటే గాలి అటు వెళ్తుంది. ముందువి లోపలికి పీల్చాలి, వెనకదీ పైదీ బయటికి తోయాలి. అన్నీ లోపలికే తోస్తుంటే వేడిగాలి సరిగా బయటపడదు.

ప్రశ్న: ప్రాసెసర్ 70 డిగ్రీలు దాటదు. అయినా గేమ్ మధ్యలో కంప్యూటర్ ఠక్కున ఆగిపోతుంది.

జవాబు: ప్రాసెసర్‌ను వదిలేసి గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత, అందులోనూ హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు) అంకె చూడండి. అదీ మామూలుగానే ఉంటే లోపం ఎస్ఎంపీఎస్‌లో (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉండే అవకాశం ఎక్కువ. సరిపడా వాటేజీ ఉన్న వేరే ఎస్ఎంపీఎస్ తగిలించి అదే గేమ్ ఆడి చూడండి. పాతదాన్ని మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలిచి ఉండొచ్చు.