లోయరింగ్ చేసిన కారుకు వెనక సబ్‌ఫ్రేమ్ పైకి లేపించాలా?

మీరు అడిగింది ఇది: కారు బీఎండబ్ల్యూ ఈ90 త్రీ సిరీస్ డీజిల్. లోయరింగ్ స్ప్రింగులు (కారు ఎత్తు తగ్గించేవి) వేయించాక వెనక సుమారు 40 మి.మీ. దిగింది. వెనక టైర్ల లోపలి అంచులు తొందరగా అరిగిపోతున్నాయి. సబ్‌ఫ్రేమ్‌ను (వెనక చక్రాల ఆర్మ్‌లు బిగించి ఉండే ఇనుప చట్రాన్ని) బాడీ వైపు పైకి లేపితే జామెట్రీ (చక్రాల కోణాలు) సరిపోతుందని ఎవరో చెప్పారు. వరంగల్‌లో ఆ పని అవుతుందా?

అవుతుంది. మా స్నేహితుడి ఈ90కి ఇక్కడి ఆటోనగర్‌లోనే చేయించాం. సబ్‌ఫ్రేమ్‌ను బాడీకి బిగించే చోట ఉండే బుష్‌ల కొలతలు నేనే తీశాను, పని జరిగినంతసేపూ పక్కనే ఉన్నాను. అయినా మీ కారుకు ఇప్పుడే ఆ పని వద్దంటాను.

ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. వెనక చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌ల లోపలి చివరలు సబ్‌ఫ్రేమ్‌కు, బయటి చివరలు చక్రం వైపు ఉంటాయి. కారు దిగితే సబ్‌ఫ్రేమ్ కూడా దిగుతుంది, చక్రం మాత్రం ఉన్న చోటే ఉంటుంది. దాంతో ఆర్మ్‌ల వాలు మారుతుంది. క్యాంబర్ నెగటివ్ వైపు పెరుగుతుంది, అంటే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ఎటు తిరిగి ఉందన్నది, మారుతుంది. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) నుంచి చక్రాలకు వెళ్లే షాఫ్టుల కోణం మారుతుంది. మలుపులో వెనక భాగం ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. చాలాసార్లు అది కారు దిగినదానికంటే ఎక్కువ కిందికి పోతుంది. అందుకే కొన్ని కార్లు దించాక కూడా మలుపుల్లో అనుకున్నంత గట్టిగా నిలబడవు. సబ్‌ఫ్రేమ్‌ను బాడీలోకి కొంత లేపితే ఆర్మ్‌ల లోపలి చివరలు పాత ఎత్తుకు దగ్గరవుతాయి, పైన చెప్పినవన్నీ కొంత వెనక్కి వస్తాయి.

ఆ 'కొంత' ఎంతో లెక్క వేసుకోవాలి. పాత తరం త్రీ సిరీస్ అయిన ఈ30 కార్లకు విదేశాల్లో దొరికే లేపుడు బుష్‌లు సాధారణంగా 12 మి.మీ. లేపుతాయి. 40 మి.మీ. దిగిన కారుకు 12 లేపితే, ఆర్మ్‌ల వాలు 28 దిగిన కారు వాలు దగ్గరికి వస్తుంది, అంతే. ఇంకా లేపుదామంటే సబ్‌ఫ్రేమ్‌కు, బాడీకి మధ్య అంత ఖాళీ ఉండదు. ట్యాంకు, బ్రేకు పైపులు, సైలెన్సర్, బూట్ ఫ్లోర్ ఒక్కొక్కటే అడ్డొస్తాయి.

మీ కారులో దీనికంటే పెద్ద చిక్కు స్ప్రింగు దగ్గర ఉంది. ఈ90 వెనక స్ప్రింగు డ్యాంపర్ (షాక్ అబ్సార్బర్) చుట్టూ ఉండదు, కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. సబ్‌ఫ్రేమ్ లేపితే ఆర్మ్ లోపలి చివర లేస్తుంది, దాంతో స్ప్రింగు కూర్చునే చోటూ లేచి బాడీని పైకి తోస్తుంది. స్ప్రింగు ఆర్మ్‌కు సరిగ్గా మధ్యలో ఉందనుకుంటే 12 లేపినందుకు కారు కూడా దాదాపు 12 లేస్తుంది. చక్రం వైపు జరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. మా స్నేహితుడి కారుకు వెనక ఎత్తు మార్చుకునే స్ప్రింగు సీట్లు ఉన్నాయి కాబట్టి మళ్లీ కిందికి దించుకున్నాడు. మీవి మామూలు లోయరింగ్ స్ప్రింగులు. డబ్బు పెట్టి దించింది, మళ్లీ డబ్బు పెట్టి లేపుకున్నట్టవుతుంది.

ఇక టైర్ల సంగతి. లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌నే అంటారు. నేను చూసిన కార్లలో మాత్రం టైరును తినేది ఎక్కువగా టో. చక్రం కొద్దిగా వంకరగా తిరుగుతూ రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది, క్యాంబర్ వల్ల బరువు ఎలాగూ లోపలి అంచు మీదే ఉంటుంది, రెండూ కలిసి ఆ అంచును గీకేస్తాయి. ఈ90కి వెనక క్యాంబర్‌కు, టోకు రెండింటికీ తిప్పి సర్దుకునే ఎక్సెంట్రిక్ బోల్టులు (మధ్య తప్పిన బోల్టులు) కంపెనీయే ఇచ్చింది. స్ప్రింగులు మార్చాక వాటిని సర్ది నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. మన దగ్గర చాలా చోట్ల ముందు చక్రాల టో ఒక్కటే సర్ది పంపేస్తారు. వెనక బోల్టులు తుప్పుపట్టి తిరగకపోతే వదిలేస్తారు. హనుమకొండలో అలైన్‌మెంట్ మెషీన్లకు కొదవ లేదు. వెనక బోల్టులు విప్పి సర్దుతారా అని అడిగి, ప్రింటు చేతికిస్తామన్న చోటికే వెళ్లండి. మీరు రోజూ కూర్చునే బరువుతో, సగం ట్యాంకు డీజిల్‌తో కొలవమనండి. అంతకంటే ముందు ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు చూపించుకోండి. ఇంత వయసున్న కారులో అవి చిరిగి ఉంటే ఏ సర్దుబాటూ నిలవదు. కొత్తవి వేస్తే కారు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే బోల్టులు చివరి బిగింపు బిగించాలి. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా పోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా క్యాంబర్ హద్దులోకి రాకపోతే, పొడవు మార్చుకునే క్యాంబర్ ఆర్మ్‌లు వేయించండి. మీ సమస్యకు అది నేరుగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువ.

అయినా సబ్‌ఫ్రేమ్ పనే చేయిస్తానంటే మేము చేసిన పద్ధతి చెప్తాను. పాత రబ్బరు బుష్‌ల బదులు లేత్ మీద అల్యూమినియం బుష్‌లు తీయించాం. మధ్య గొట్టం మొత్తం పొడవు పాతదే ఉంచి, సబ్‌ఫ్రేమ్ కన్ను (బుష్ కూర్చునే రంధ్రం) దాని మీద పైకి జరిగి కూర్చునేలా పై అంచు పలచగా, కింది అంచు మందంగా పెట్టించాం. గొట్టం పొడవు మారకపోతే బోల్టు బాడీలోకి ఎన్ని మరలు దిగాలో అన్నే దిగుతుంది. ఇందులో రాజీ పడకండి. పాత బుష్‌లు థ్రెడ్ రాడ్డుతో లాగే పుల్లర్‌తోనే తీయించండి. గ్యాస్ మంట పెడతామంటే ఒప్పుకోకండి, డీజిల్ ట్యాంకు పక్కనే ఉంది. సబ్‌ఫ్రేమ్ బోల్టులు కొత్తవి వేసి, కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. డిఫరెన్షియల్ కూడా లేస్తుంది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు నుంచి డిఫరెన్షియల్‌కు శక్తి తెచ్చేది) మధ్య బేరింగ్ దగ్గర కోణం చూసుకోవాలి, లేకపోతే వేగం అందుకునేటప్పుడు వణుకు వస్తుంది. గట్టి బుష్‌లు వేశాక డిఫరెన్షియల్ శబ్దం క్యాబిన్‌లోకి స్పష్టంగా వినబడుతుంది. మా స్నేహితుడికి అది ఇష్టమే. ఇంట్లోవాళ్లతో తిరిగే కారుకు నేనైతే వేయను.

ఇంకో విషయం, దీని గురించి ఎవరూ చెప్పడం లేదు. ముందు భాగం దించి అలాగే వదిలేసి, వెనక రోల్ సెంటర్ ఒక్కటే పైకి తెస్తే, మలుపులో వెనక లోపలి టైరు నుంచి బయటి టైరు మీదికి మారే బరువు పెరుగుతుంది. వెనక చక్రాలు తోసే కారులో, వానలో తోక జారే గుణం ఎక్కువవుతుంది. 163వ జాతీయ రహదారి మీద వానాకాలంలో ములుగు వైపు వెళ్లేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పైగా సబ్‌ఫ్రేమ్ లేపి కారును మళ్లీ ఇప్పటి ఎత్తుకే దించుకుంటే డ్యాంపర్ ప్రయాణం పెరగదు. భూపాలపల్లి రోడ్డులో బొగ్గు టిప్పర్లు చేసిన గుంతల్లో కారు ఇప్పుడు ఎలా బంప్ స్టాప్‌లకు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే దిమ్మలకు) కొట్టుకుంటుందో, దాదాపు అలాగే కొట్టుకుంటుంది.

స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటి కార్లున్నవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు. వాటికి వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే దూలం) ఉంటుంది, లేపడానికి సబ్‌ఫ్రేమే లేదు. చట్టం వైపు నుంచి, వాహనాల్లో చేసే మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ఒకసారి చదువుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకు మార్పుల సంగతి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

అలైన్‌మెంట్ చేయించాక సర్దకముందు, సర్దిన తర్వాత అంకెలున్న ప్రింటు ఇక్కడ పెట్టండి. వెనక రెండు చక్రాల టో, క్యాంబర్ చూస్తే ఆర్మ్‌లతో సరిపోతుందో లేదో చెప్పగలను.