చెరువు పెత్తనం చేపట్టిన కుమారునికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మన నీటి సంఘానికి అధ్యక్షుడివయ్యావని తెలిసి ఎంతో సంతోషించాను. తూము షట్టరు బాగుచేయించాలనీ, నీళ్ళు వదిలే తేదీలు అచ్చు వేయించాలనీ రాశావు. అవి చేయవలసినవే, అయితే అంతకంటే ముందు పొలాలకు నీళ్ళు పంచే నీరుగంటి ఇంటికి వెళ్ళిరా. ఏ మడికి ఎంతసేపటికి తడి అందుతుందో, ఏ మడవ దగ్గర ఏటా తగాదా పుడుతుందో ఆయనకు తెలిసినట్లు ఏ రికార్డులోనూ ఉండదు. నేను పెద్దరికం చేసిన రోజుల్లో ఒక ఏడు ఎగువ రైతుల మాట పట్టుకొని, ఆయనతో చెప్పకుండా నీటి వంతు మార్పించాను. కొన్నాళ్ళకు ఆయన నన్ను ఆయకట్టు చివరి మడికి తీసుకుపోయి, నెర్రెలిచ్చిన నేలలో నుంచి ఒక వరి వెన్ను తెంపి నా చేతిలో పెట్టాడు. నలిపి చూస్తే అంతా తాలు. ఆ తప్పు నాదే.

మన కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు పనిచేసిన ఆ చెరువు గురించి 1369 నాటి శాసనం చెబుతూ, మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ లెక్కపెట్టింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల వంటి వాటితోపాటు రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటాన్ని కూడా దోషంగానే ఎంచింది. నాకు ఆ మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. మన చెరువుకు రాజ్యాల సరిహద్దు లేకపోయినా, ఎగువ పల్లెకూ దిగువ పల్లెకూ మధ్య అటువంటి గీతే ఉంది. నీళ్ళు కొంచెమై సాగునేల విస్తారం కావడం మరో దోషం. కనుక చెరువు నిండని ఏడు ఎన్ని ఎకరాలు నాటాలో, ఎవరెంత తగ్గించుకోవాలో నారు పోయకముందే రెండు పల్లెలనూ కూర్చోబెట్టి తేల్చు. ఆ కూటమి ఆఫీసులో కాక, కట్టమీది గంగమ్మ గుడి దగ్గర పెట్టు. అక్కడ ఒప్పుకున్న వంతును రాత్రివేళ తప్పడానికి మనవాళ్ళు ఇప్పటికీ జంకుతారు.

ఆచారమంతా మంచిదని నేను అనను. ఊరి పంటను కాపాడిన నీరుగంటిని కులం పేరిట దూరంగా నిలబెట్టి, కళ్ళం ఎత్తాక మిగిలిన గింజలు కొలిచిన రోజులు నేను చూశాను. ఆయనకు కూటమిలో నీ పక్కన కుర్చీ వేయించు, జీతం నెల తప్పకుండా చేతికివ్వు.

వానలు మొదలయ్యేలోగా వంక నుంచి చెరువులోకి వచ్చే కాలువ పొడవునా నడిచి చూడాలి. కంపచెట్లు మూసుకుపోయి ఉంటాయి. రెండు పల్లెల నుంచీ మనుషులను పిలువు. ఆదివారం తెల్లవారుజామున నేనూ వస్తాను.

పెదనాన్న