అక్వేరియం నీళ్ల సంగతి తర్వాత, ముందు మీ పీహెచ్ పెన్నుని బఫర్‌లో ముంచి చూడండి

మీరడిగింది: "ఇంట్లో చిన్న అక్వేరియం ఉంది. నీళ్లు ఎలా ఉన్నాయో కచ్చితంగా తెలియాలంటే పీహెచ్ పెన్ను కొనాలా, చుక్కల కిట్టు కొనాలా, స్ట్రిప్స్ సరిపోతాయా? వాటిని ఎలా జాగ్రత్త చేసుకోవాలి?"

పీహెచ్ అంటే నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె; 7 మధ్యస్థం, తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. పెన్ను ఆ అంకెని చూపిస్తుంది; చుక్కల కిట్టు, స్ట్రిప్స్ రంగు మారి చూపిస్తాయి. ఏది ముందు కొనాలో చివర్లో చెబుతాను. కొన్నదాన్ని పరీక్షించకుండా అది చూపించిన అంకెని నమ్మితే మాత్రం చేపలు చచ్చిపోతాయి. మా ఇంట్లో చచ్చిపోయాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది విజయనగరం. ట్యాంకు మా అబ్బాయి సరదాపడి కొన్నది. ఇంటర్ అవ్వగానే వాడు హాస్టల్‌కి వెళ్లిపోయాడు, చేపలు నా చేతికొచ్చాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు. నిండా పోస్తే 56 లీటర్లు. అందులో ఐదు గోల్డ్ ఫిష్‌లు. గోల్డ్ ఫిష్ ఎక్కువ తిని ఎక్కువ మలినం వదిలే చేప, ఆ నీళ్లకి ఐదు చాలా ఎక్కువ. అమ్మినతను ఆ మాట చెప్పలేదు. ఇప్పటికీ కొన్ని షాపుల్లో గుండ్రటి గాజు గిన్నెలో రెండు గోల్డ్ ఫిష్‌లు వేసి "మెయింటెనెన్స్ ఏమీ ఉండదమ్మా" అని చిన్నపిల్లల చేతిలో పెడుతుంటారు. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ ఏడాది మా ఊరి పైడితల్లమ్మ పండక్కి మా ఇంటికి చుట్టాలు దిగారు. సిరిమానుకి, అంటే పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవానికి, ఎప్పుడూ అంతే, ఇల్లంతా పక్కలే. చుట్టాలొస్తున్నారు కదా, ట్యాంకు శుభ్రంగా కనబడాలని శుక్రవారం నాడు స్పాంజి ఫిల్టరు తీసి మున్సిపల్ కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండాను. చేపల మలినంలోంచి, మిగిలిన మేతలోంచి అమోనియా అనే విషం పుడుతుందనీ, ఆ స్పాంజిలో ఉండే బ్యాక్టీరియానే దాన్ని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మారుస్తుందనీ, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుందనీ అప్పుడు నాకు తెలియదు. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. దానికి తోడు శని, ఆదివారాలు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మేత వేస్తూనే ఉన్నారు. వద్దని ఎవరు చెప్పగలరు, పండగ పూట?

ఆదివారం సాయంత్రానికి ఐదు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. నా దగ్గర పీహెచ్ పెన్ను ఉంది. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించాడు, పసుపు రంగుది, మీరూ చూసే ఉంటారు. వేసవి నుంచి టీవీ కింద సొరుగులో పడి ఉంది. తీసి ముంచాను. 6.1 అని చూపించింది.

నాకు టెన్షన్ మొదలైంది. నీళ్లు పులిసిపోయాయి అనుకున్నాను. షాపతనికి ఫోన్ చేస్తే "పీహెచ్ పడిపోయింది, వంట సోడా వెయ్యండి మేడమ్, సర్దుకుంటుంది" అన్నాడు. రెండు చెంచాలు కలిపి పోశాను. పొద్దున్న లేచేసరికి, అంటే సోమవారం, సిరిమానుకి ముందు రోజు వచ్చే తొలేళ్ల నాడు, రెండు చేపలు అడుగున పక్కకి ఒరిగి ఉన్నాయి. మిగిలిన మూడింటి మొప్పలు ఎర్రగా కమిలిపోయాయి.

మా తమ్ముడు భోగాపురం వైపు ఒక రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. నీళ్లు చూడడమే వాడి డ్యూటీ. ఆ రోజు పదింటికి డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు, బ్యాగులో వాడి మీటరు ఉంది. నేను జరిగిందంతా చెప్పాను. వాడు ట్యాంకు వైపు చూడలేదు. ముందు నా పెన్ను అడిగాడు.

"అక్కా, దీన్ని ఎప్పుడైనా బఫర్‌లో ముంచినావా?"

"బఫర్ ఏటిరా?"

ఇంకేం మాట్లాడలేదు. మూత తీసి పెన్ను చివర వెలుతురుకి పెట్టి నాకు చూపించాడు. చివరన మిరియం గింజంత గాజు బుడ్డి ఉంటుంది. అది తడిగా ఉండాలి. నాది పొడిబారి, చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంది. వాడి దగ్గరున్న 6.86 బఫర్ చిన్న గ్లాసులో పోసి ముంచాడు. ఆ ద్రవం పీహెచ్ 6.86 అని ముందే తెలుసు, ఏ పెన్ను పెట్టినా అదే రావాలి. నాది 5.7 దగ్గర ఆగింది.

"నిన్న 6.1 సూపించిందంటే నీ నీళ్లు 7.3 దగ్గర ఉన్నాయన్నమాట. బాగున్న నీళ్లలో సోడా ఏసినావు."

వాడి మీటరు పెడితే ట్యాంకు 8.3. తర్వాత వాడి చుక్కల కిట్టుతో అమోనియా చూశాడు. సున్నా అయితే పసుపు రంగు రావాలి. ముదురు ఆకుపచ్చ వచ్చింది, చార్టులో 4 పీపీఎం (పది లక్షల పాళ్లలో నాలుగు) గడి పక్కన పెడితే సరిగ్గా సరిపోయింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, దయచేసి శ్రద్ధగా చదవండి. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమోనియంగా ఉన్నంతవరకు చేప తట్టుకుంటుంది. విడి అమోనియా అయితే మొప్పల్ని కాల్చేస్తుంది. ఏది ఎంత ఉంటుందో పీహెచ్, నీళ్ల వేడి కలిసి నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే నూటికి అర పాలు కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే విషరూపం. 8 ఉంటే ఐదు పాళ్ల పైన. 8.5కి వెళ్తే పదిహేను పాళ్ల దాకా. అంటే ఆదివారం రాత్రి ట్యాంకులో ఉన్న అమోనియాని నా చేత్తో నేనే ఎనిమిది తొమ్మిది రెట్లు విషం చేశాను. ఒక తప్పు అంకె, రెండు చెంచాల సోడా. ఆ పెన్ను లేకపోయి ఉంటే ఊరికే సగం నీళ్లు మార్చి ఊరుకునేదాన్ని, ఐదూ బతికేవి.

అప్పుడు మా తమ్ముడు చేసిందీ అదే. క్లోరిన్ విరుగుడు వేసి పెట్టిన నీళ్లు సగం మార్చాడు, సాయంత్రం కొంత, మర్నాడు కొంత మార్చాడు. ఎయిర్ పంపు పెంచాడు. రెండు రోజులు మేత బంద్. మంగళవారం ఇంటిల్లిపాదీ సిరిమాను చూడ్డానికి కోట దగ్గరికి వెళ్తే నేను ట్యాంకు దగ్గరే కూర్చున్నాను. మూడు చేపలు దక్కాయి.

హేచరీలో పొద్దున్నే మీటరుని బఫర్‌లో ముంచి చూడనిదే ట్యాంకుల దగ్గరికి వెళ్లనివ్వరట. వాళ్లకి అది లక్షల మీద పని. మనకి అంత లేదు కానీ, ప్రాణం ప్రాణమే కదా.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. పెన్నుతో పాటు పొడి పాకెట్లు వస్తాయి, వాటిని చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు. అవే బఫర్లు. మామూలుగా ఒక్కో పాకెట్టు 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలపాలి, పాకెట్టు మీద కొలత చూసుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. బ్యాటరీ షాపుల్లో ఆసిడ్ కూడా అమ్ముతారు, సీసా మీద చదివి తీసుకోండి. పాకెట్లు 4.01, 6.86, 9.18 అని మూడు రకాలు. పెన్నుతో చాలాసార్లు మొదటి రెండే ఇస్తారు. మన వైపు బోరు నీళ్లు 7కి పైనే ఉంటాయి కాబట్టి నా అభిప్రాయం, 6.86తో పాటు 9.18 విడిగా కొనుక్కోవాలి. మనం కొలిచే అంకె రెండు బఫర్ల మధ్యలో పడాలి. 9.18 సీసా మాత్రం మూత తీసి ఉంచకూడదు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దిగిపోతుంది. వాడిన బఫర్‌ని తిరిగి సీసాలో పోయకండి. ఇంకోటి, ఈ అంకెలన్నీ 25 డిగ్రీలకి రాసినవి. మే నెలలో గది 35 ఉంటే 9.18 కాస్తా 9.10 అవుతుంది. పాకెట్టు వెనక పట్టిక ఉంటుంది, చూసి ఆ అంకెకే పెన్నుని సర్దండి.

గాజు బుడ్డిని ఎండనివ్వకూడదు, అలాగని మంచినీళ్లలోనూ నానబెట్టకూడదు. ఆర్వో నీళ్లలోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో ఉంచితే లోపలి లవణాలు బయటికి లాగేసుకుని ఇంకా తొందరగా పాడవుతుంది. పొటాషియం క్లోరైడ్ ద్రావణం కావాలి. స్టోరేజ్ సొల్యూషన్ అని రెడీమేడ్‌గా దొరుకుతుంది, లేదా 100 మిల్లీలీటర్ల ద్రావణానికి 22.4 గ్రాముల పొటాషియం క్లోరైడ్ చొప్పున మీరే కలుపుకోవచ్చు. మూతలో నాలుగు చుక్కలు వేసి మూసి, పెన్నుని నిలువుగా పెట్టండి. మా ఇంట్లో దేవుడి గదిలో అగరొత్తుల స్టాండు పక్కన నిలబెట్టాను, అక్కడైతే ఎవరూ కదపరు. ఆ ద్రావణం దొరికేలోపు 4.01 బఫర్ చుక్కలు వేసినా నడుస్తుంది. మూత చుట్టూ ఉప్పులా పేరుకుంటే కంగారు పడకండి, కడిగితే పోతుంది. బుడ్డిని గుడ్డతో రుద్దకూడదు, టిష్యూతో అద్దాలి. ఎండిపోయిన పెన్నుని రాత్రంతా ఆ ద్రావణంలో ఉంచితే కొన్నిసార్లు కోలుకుంటుంది. నాది కోలుకోలేదు.

చుక్కల కిట్టు గురించి కూడా ఒక మాట. అమోనియాకి పెన్ను పనికిరాదు, చుక్కలే దిక్కు. చాలా స్ట్రిప్స్‌లో అసలు అమోనియా గడే ఉండదు, కొనేముందు చూసుకోండి. పైగా మన కోస్తా గాలిలో తేమకి స్ట్రిప్స్ తొందరగా పాడవుతాయి. తడి చేత్తో డబ్బాలో వేలు పెట్టారంటే మిగతావన్నీ పోయినట్టే. చుక్కల సీసాని వంచి పిండితే ఒక చుక్క పెద్దది, ఒకటి చిన్నది పడుతుంది. నిట్టనిలువుగా తలకిందులుగా పట్టుకుని వదలాలి. టెస్ట్ ట్యూబుకి వేలు అడ్డం పెట్టి ఊపే అలవాటు నాకూ ఉండేది. వేలి చెమట నీళ్లలో కలుస్తుంది, ఆ మందు చర్మానికీ మంచిది కాదు, దాని మూత దానికే పెట్టండి. ట్యూబుని సబ్బుతో కడక్కూడదు. కొలిచే ముందు ట్యాంకు నీళ్లతోనే ఒకసారి తొలిచి, అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి బోర్లించండి. ఐదు నిమిషాలు అని రాస్తే ఐదు నిమిషాలకే చూడాలి. కుక్కర్ విజిల్ కోసం వెళ్లి పావుగంటకి వస్తే రంగు ముదిరిపోయి ఉంటుంది. పసుపు బల్బు కింద కాదు, పగటి వెలుతురులో తెల్ల కాగితం ఆనించి చూడండి.

నైట్రేట్ కిట్టులో రెండో సీసా ఉంటుందే, దాని అడుగున పొడి పేరుకుంటుంది. దాన్ని అర నిమిషం గట్టిగా ఊపి, బల్లకేసి తట్టి, అప్పుడు చుక్కలు వేయాలి. ఊపకపోతే అంకె తక్కువ వస్తుంది. "మా ట్యాంకులో నైట్రేట్ సున్నా" అని గొప్పగా చెప్పేవాళ్లలో సగం మంది ఆ సీసా ఊపనివాళ్లే అని నా గట్టి నమ్మకం.

బోరు నీళ్లకి ఇంకో చిక్కు ఉంది. మోటారు వేసి అప్పుడే పట్టిన బకెట్టులో కొలిస్తే మా ఇంట్లో 7.1. అదే బకెట్టులో ఎయిర్ పంపు పెట్టి మర్నాడు పొద్దున్న కొలిస్తే 7.9. నేల లోపలి నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలికి పోయేసరికి పీహెచ్ పెరుగుతుంది. చేప బతికేది రెండో అంకెలో. అందుకని ఒక రాత్రి నిలవ ఉంచాకే కొలవండి. మొక్కలున్న ట్యాంకైతే పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా ఉంటుంది కాబట్టి రోజూ ఒకే వేళకి చూడండి. నేను పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే ఆ గడిలో అంకె రాసుకుంటాను.

టీడీఎస్ మీటరు చాలదా అని అడుగుతారు. చాలదు. అది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి లవణాల మొత్తం అంచనా వేస్తుంది, అంతే. మా బోరు 640 చూపిస్తుంది. అందులో 4 పీపీఎం అమోనియా కలిస్తే ఆ మీటరుకి తెలియనే తెలియదు. ఈ మీటరు పట్టుకుని వీధి వీధీ తిరుగుతూ ఆర్వో మెషిన్లు అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఇనప కడ్డీలు నీళ్లలో పెట్టి కరెంటిస్తారు, నీళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, "చూశారా, మీరు ఇదే తాగుతున్నారు" అంటారు. ఆ రంగు కరిగిన కడ్డీలోంచి వచ్చింది. మా పక్కింటి పిన్నిగారు ఆ రంగు చూసి భయపడి అప్పు చేసి మరీ మెషిన్ కొన్నారు.

ఇక మీ ప్రశ్నకి: డబ్బు ఒక్కదానికే ఉంటే అమోనియా చుక్కల కిట్టు కొనండి, సీసా మీద గడువు తేదీ చూసి. పెన్ను తర్వాత. పెన్ను కొంటే అదే రోజు 6.86, 9.18 బఫర్లూ, స్టోరేజ్ సొల్యూషనూ కొనండి. ఆ మూడింటికీ డబ్బు లేకపోతే పెన్ను వద్దు.

విజయనగరంలో ఎవరైనా చదువుతుంటే, మీ ఇంట్లో సొరుగులో పడి ఉన్న పెన్ను గురించి కింద కామెంట్‌లో రాయండి. మా ఇంట్లో కలిపిన బఫర్ ఉంది, తెచ్చుకుంటే ముంచి చూద్దాం.