నీరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాకే

చిట్టితల్లీ,

నువ్వు మోటర్‌హోమ్, అదే ఇల్లులా అమర్చిన బండి, కొనబోతున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. పాతదనీ, ఎక్కడో కాస్త నీళ్లు దిగాయనీ, అందుకే చవకగా వస్తోందనీ ఆ వెంటనే చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. సోఫా ఉంది, పొయ్యి ఉంది, కొత్త కర్టెన్లున్నాయి. పైకప్పు ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. ముందు చూడాల్సింది దాన్నే కదమ్మా! బస్సు బాడీలు కట్టి బతికినవాడి ఇంటి పిల్లవు, కర్టెన్లు చూసి మురిసిపోతావా?

ఇంజను, బ్రేకులు మంచి మెకానిక్‌కు చూపించు. కాగితాలు నువ్వే కూర్చుని చదువు. టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఇలాంటి బళ్లు ఎక్కువకాలం కదలకుండా నిలబడి ఉంటాయి కాబట్టి టైరు మీది గాడులు అరగకపోయినా రబ్బరు ముసలిదైపోతుంది. గ్యాసు అలారానికీ, కార్బన్ మోనాక్సైడ్ అలారానికీ గడువు తేదీ ఉంటుంది, చూసుకో. వీటిలో ఏది పాడైనా డబ్బు పెడితే బాగవుతుంది. నీటి సంగతి అలా కాదు.

ఈ బళ్లలో చాలావాటి గోడ పొరలు పొరలుగా ఉంటుంది. బయట ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక పలచని ప్లైవుడ్, మధ్యలో ఫోము, చట్రానికి చెక్క గానీ అల్యూమినియం గానీ, లోపలి వైపు మళ్లీ ప్లైవుడ్. అన్నీ జిగురుతో అంటించినవే. నీరు దిగితే ముందు జిగురు వదులుతుంది, పొరలు విడిపోతాయి, బయటి రేకు పొంగుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఆ పొంగు కనపడదు. చీకటి పడ్డాక టార్చిని గోడకు ఆనించి, వెలుతురు గోడ వెంబడే పారేలా వేసి చూడు. ఎక్కడ నీడ అలలాగా వంగితే అక్కడ చేత్తో నొక్కు. లోపలికి వెళ్లి బయటికి వస్తోందంటే అది మరక సంగతి కాదు, గోడ సంగతి.

మీ నాన్న కథ నీకు చెప్పి ఉండడు. నేను చెప్పానని వాడితో అనకు.

నువ్వు పుట్టకముందు వాడూ ఇలాంటి బండే కొన్నాడు. వెనక పడక పక్కన మూలలో అరచేయంత మరక. నొక్కితే మెత్తగా ఉంది. "ఇంతే కదా అన్నయ్యా, ఒక్క పలక మారిస్తే సరి" అన్నాడు. మార్చాడు కూడా. పాత పలక కోసి తీసి, కొత్త ప్లైవుడ్ వేసి, పైన కాగితం ఎంత పొందికగా అంటించాడంటే, అదే పనిలో తల పండిన నాకే అసూయ కలిగింది. ఆ తర్వాత నిచ్చెన వేసుకుని పైకెక్కి, అతుకులన్నిటి మీదా, నీరు దిగకుండా పూసిన పాత సీలెంట్ మీదే, సిలికాన్ బారుగా గీసుకుంటూ పోయాడు. పనైపోయిందని అందరికీ మిఠాయిలు పంచాడు.

వానలొచ్చాయి. ఆ మూల పొడిగానే ఉంది. అవతలి వైపు అలమరలో మరక తేలింది. దాన్నీ మూశాడు. కొన్నాళ్లకు పడక కింద నేల మెత్తబడింది. అప్పుడు నన్ను పిలిచాడు. గోడ విప్పితే లోపలి చట్రంలో ఒక్క స్క్రూ కూడా పట్టు నిలుపుకోలేదు. వేలితో తోస్తే చెక్క నల్లగా, తడిపొడిగా రాలిపోయింది. నీరు దిగుతున్నది వెనక నిచ్చెనను పైకప్పుకు బిగించిన బ్రాకెట్ స్క్రూ రంధ్రంలోంచి. అక్కడి నుంచి చట్రం వెంట జారి, దారి దొరికిన చోట బయటపడుతోంది. వాడు బయటపడే దారులన్నీ మూశాడు, వచ్చే దారిని వదిలేశాడు. అంటే తన చేతులతోనే గోడ లోపల తొట్టి కట్టాడు. పైగా ఆ సిలికాన్ ఒకటి! దాని మీద ఇంకేదీ అంటదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అంటదు. సరైన సీలెంట్ వేయాలంటే ముందు దాన్ని పూర్తిగా గీకి తీయాలి. ఎండలో ఆ పైకప్పు మీద కూర్చుని అన్నదమ్ములం ఇద్దరం గీకాం. వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

చివరికి అమ్మేశాడు. అమ్మేటప్పుడు కొనేవాణ్ణి లోపలికి తీసుకెళ్లి ప్రతి మూలా తెరిచి చూపించాడు. వచ్చింది సగం ధర కూడా కాదు. తమ్ముడంటే ప్రేమ ఎప్పుడూ ఉన్నదే, గౌరవం కలిగింది మాత్రం ఆ రోజు.

నీకు అమ్ముతున్నాయన అలా చూపించాడా? "ఎప్పుడో కారింది, బాగు చేయించాం" అన్నాడట. సరే. ఎక్కడ కారింది, ఏ అతుకు విప్పారు, లోపల ఏం కనిపించింది, ఫొటోలు ఉన్నాయా అని అడుగు. ఒక్క మూలలో మాత్రమే కొత్త పలక, కొత్త రంగు ఉంటే నువ్వు అక్కడే ఎక్కువసేపు నిలబడాలి.

నువ్వు వెళ్లే ముందు రాత్రి బండి తలుపులు, కిటికీలు మూసి ఉంచమని చెప్పు. తలుపు తీసిన వెంటనే ముక్కుతో చూడు. బూజు వాసన వస్తే సరేసరి, అగరొత్తులో సెంటో గుప్పుమన్నా అనుమానించు. అలమరల లోపలి మూలలు, పడక కింద, సొరుగులు లాగి వాటి వెనక, కిటికీల కింది మూలలు, పైకప్పులోని గాలి గొట్టం చుట్టూ, తలుపు దగ్గర నేల, అన్నీ వేళ్లతో నొక్కు. బయట దీపాలు, నీడకు చాపే పందిరి గుడ్డ, నిచ్చెన బిగించిన చోట్లు చూడు. ప్రతి స్క్రూ ఒక రంధ్రమే. కుళాయిలన్నీ కట్టి నీటి పంపు వేసి ఉంచు. కాసేపటికొకసారి అది తనంతట తానే ఆడుతుంటే పైపు ఎక్కడో కారుతూ ఉండొచ్చు. అదైతే సంతోషించు, పైపు మార్చడం తేలిక.

తేమ మీటర్ ఒకటి కొనుక్కో. పొడి చెక్కలో 15 శాతం లోపు చూపిస్తుంది. 20 దాటితే కుళ్లు పట్టే వీలుంది. 30 దగ్గర చూపిస్తే ఆ చెక్క నీరు తాగి ఉన్నట్టే. అయితే మీటరునే నమ్ముకోకు. ఎండాకాలమంతా ఎండలో నిలబడిన బండిలో కుళ్లిన చెక్క కూడా పొడిగా చూపిస్తుంది. లోపల లోహం ఉంటే తడి లేకపోయినా అంకె ఎగురుతుంది. వేలు, మీటరు ఒకే మాట చెప్పాలి. ఇంకా అనుమానముంటే బండి లోపలికి ఫ్యానుతో గాలి నింపి, బయట అతుకుల మీద సబ్బునీళ్లు పూసే పరీక్ష ఉంది. బుడగ ఎక్కడ లేస్తే నీరు దిగే దారి అక్కడే. ఆ పరీక్షకు ఆయన ఒప్పుకోకపోతే నీకు జవాబు దొరికినట్టే.

ఇక నా అసలు భయం చెబుతాను. డ్రైవరు తల మీద ముందుకు పొడుచుకొచ్చిన ఆ పడక నాదే అని నీ కొడుకు అప్పుడే చెప్పేసుకున్నాడట. ఇలాంటి బళ్లలో నీరు దిగడం తరచూ మొదలయ్యేది అక్కడే. నడిచేటప్పుడు గాలి, వాన మొహాన కొట్టేది ఆ భాగానికే. అతుకులూ ఎక్కువ, ముందు కిటికీ ఒకటి. పరుపు ఎత్తి కింది పలకను మోకాలితో నొక్కి చూడు, నాలుగు మూలలూ. ఎక్కడ కుంగినా బండి దిగి వచ్చేయ్. వాడికి అసలే ఆయాసం. బూజు పట్టిన చెక్కకు ఒకటిన్నర అడుగుల దూరంలో ముక్కు పెట్టుకుని ఆ పిల్లవాడు నిద్రపోవడం ఊహించుకుంటేనే నాకు చేతులు వణుకుతున్నాయి. బూజు మీద రంగు వేస్తే కనపడకుండా పోతుంది, అంతే. నన్ను చాదస్తుణ్ణి అను, ముసలాడికి పని లేదు అను, పడతాను.

వద్దే వద్దని అనడం లేదమ్మా. ఒక్క కిటికీ చుట్టూ మాత్రమే మరక ఉండి, చుట్టుపక్కల చెక్క గట్టిగా ఉంటే, కిటికీ విప్పి, చుట్టూ అంటించిన పాత బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) తీసి కొత్తది వేసి బిగిస్తే సరిపోతుంది. ఆ ఖర్చు ధరలో తగ్గించి అడుగు. తలుపు దగ్గర నేల జానెడు మేర మెత్తబడితే అదీ చేసుకోదగ్గ పనే, నేనే చేసి పెడతాను. గోడ పొంగినా, ముందు పడక కుంగినా, నీరు ఎక్కడ దిగుతోందో ఎవరూ చూపించలేకపోయినా, ఊరికే ఇచ్చినా తీసుకోకు. పొరలు విడిపోయిన గోడను సరిగా బాగుచేయించడానికి పాత బండి ధరకు మించి అవుతుంది చాలాసార్లు.

గట్టి వాన పడిన మర్నాడు వెళ్లు. మీ నాన్నను తీసుకెళ్లు. వాడు నోరు విప్పడు గానీ తిన్నగా వెనక నిచ్చెన దగ్గరికే నడుస్తాడు, చూస్తూ ఉండు. మీటరు అంకెలు, పైకప్పు ఫొటోలు నాకు పంపు. నేను చూసి ఫోను చేసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ
పెదనాన్న