చెక్ భాషలో ‘తెలుసు’కు మూడు క్రియలు ఎందుకు? ఏది ఎప్పుడు వాడాలి?

ఇంగ్లీషులో ‘నో’ (know) అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంటే, చెక్‌లో వ్యెద్యెత్, జ్నాత్, ఉమ్న్యెత్ అని మూడు ఉన్నాయి, ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు. ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగులో ఆలోచించండి. అంతకు మించిన దారి లేదు.

ఉద్యోగం కోసం చెక్ దేశంలోని బ్ర్నో నగరానికి వచ్చిన తొలి ఏడాది, శరదృతువులో, మా పక్కింటి పెద్దావిడ నన్ను పుట్టగొడుగులు ఏరడానికి అడవికి తీసుకెళ్లారు. ఇక్కడ అదొక పండుగలాంటిది. పళ్లెమంత గొడుగున్న ‘బెద్ల’ ఒకటి పెకలించి, కాడ మీది ఉంగరాన్ని పైకీ కిందికీ జరిపి చూపిస్తూ ‘జ్నాతె?’ అన్నారు, ‘దీన్ని ఎరుగుదురా?’ అని. ఫోనులోని నిఘంటువు నేర్పిన ధీమాతో నేను ‘వీమ్’ అన్నాను, వ్యెద్యెత్‌లో ‘నాకు తెలుసు’ అనే రూపం అది. ఆవిడ నా ముఖంలోకి చూసి, ‘త్సో వీతె?’ అన్నారు. అంటే ‘ఏమి తెలుసు?’ అని.

నేను నీళ్లు నమిలాను. ఆవిడ బుట్ట కింద పెట్టి, చెట్లకేసి చెయ్యి చూపి ‘వీమ్’ అన్నారు: ఇవి ఎక్కడ మొలుస్తాయో తెలుసు. బెద్లను నా కళ్లముందు ఆడించి ‘జ్నామ్’ అన్నారు: దీన్ని ఎరుగుదును. తర్వాత పెనంలో తిరగేస్తున్నట్టు మణికట్టు తిప్పి ‘ఉమీమ్’ అన్నారు: వేయించడం వచ్చు.

వచ్చు! ఆ మాట తట్టగానే ముడి వీడిపోయింది. ఈత వచ్చు, వంట వచ్చు, చెక్ వచ్చు అని మనం పుట్టినప్పటినుంచీ అంటున్నదే ఉమ్న్యెత్. ‘ఆ పద్యం వచ్చు’ అంటే కంఠతా వచ్చని, అక్కడా ఉమీమే. ‘ఆ పద్యం తెలుసు’ అంటే ఎప్పుడో విన్నానని, అది జ్నామ్. ఇంత చక్కటి తేడా మన నాలుక మీదే ఉంటే, దాన్ని ఇంగ్లీషులోకి దింపి, అక్కడ పోగొట్టుకుని, మళ్లీ చెక్‌లో వెతుక్కుంటున్నాం.

మిగిలిన రెండింటికీ మనం ‘తెలుసు’ అనే అంటాం కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. ‘పరిచయమే’ అని మార్చి చూడండి. మనిషి, ఊరు, పాట పరిచయం కావచ్చు, కాబట్టి జ్నాత్. ‘బండి ఎన్నింటికో తెలుసు’ అన్నచోట పరిచయం అతకదు, కాబట్టి వ్యెద్యెత్. నాకు ఇది ఎప్పుడూ తప్పలేదు. పైగా జ్నాత్, మన జ్ఞానం ఒకే మూలం నుంచి వచ్చినవి. వ్యెద్యెత్‌కు వేదం, విద్య చుట్టాలు. ఆ లెక్కన ఇంగ్లీషు ‘నో’ కూడా జ్నాత్‌కు చుట్టమే, కానీ మూడు పనులూ తన నెత్తినే వేసుకుంది.

నా కోపమంతా పాఠాలు చెప్పే పద్ధతి మీదే. నేను డబ్బు కట్టి చేరిన తరగతిలో మూడు క్రియలనూ ఒకే వరుసలో, మధ్యలో కామాలు పెట్టి బోర్డు మీద రాశారు. ఒక్క ఉదాహరణ లేదు. అక్కడ తెలుగువాళ్లం ముగ్గురం ఉన్నాం, ఒక్కరికీ ‘వచ్చు’ గుర్తుకు రాలేదు. ఏది నేర్చుకోవాలన్నా ముందు ఇంగ్లీషులోకి మార్చుకోవాలని చిన్నప్పుడే అలవాటు చేశారు మనకు.

రేపు ఏ కౌంటరు దగ్గరో ‘ఉమీతె చెస్కి?’ అని అడుగుతారు. ‘చెక్ వచ్చా?’ అన్నమాట. ‘త్రోఖు’ అనండి, కొంచెం అని.